చారెడు ఇన్‌పుట్, గంపెడు చాకిరీ

లైబ్రరీ రాసినవాడు ‘వాడుకునేవాళ్లు చూసుకుంటార్లే’ అనుకున్నాడు. వాడుకున్నవాడు ‘రాసినవాళ్లు చూసే ఉంటార్లే’ అనుకున్నాడు. బయటి నుంచి వచ్చే డేటాను ఎవరూ తనిఖీ చేయకపోవడం వెనక సగం కథ ఇదే. మిగతా సగం మరీ విడ్డూరం: విరుగుడు తెలిసి కూడా ఏళ్ల తరబడి వాడలేదు.

1988 నవంబర్‌లో మోరిస్ వార్మ్ ఇంటర్నెట్‌లో వేల యంత్రాలను స్తంభింపజేసింది. అది దూరిన దారుల్లో ఒకటి, వచ్చిందాని పొడవు చూడకుండా మింగేసే గెట్స్ అనే ఫంక్షన్. 512 బైట్ల చోటులోకి 536 బైట్లు పంపారు. అంత అప్రతిష్ఠ మూటగట్టుకున్న గెట్స్ సీ భాష ప్రమాణంలోంచి పోయింది మాత్రం 2011లో!

పొడవు కొలవడం నేర్చుకున్నాక పొట్టి డేటాతోనే చిక్కొచ్చింది. ఒక పేరు పది పేర్లుగా, అవి ఒక్కోటీ మరో పదిగా విచ్చుకునే ఎక్స్‌ఎంఎల్ ఫైలు కిలోబైటు కూడా ఉండదు. మెమరీలో మూడు గిగాబైట్లవుతుంది. దాని పేరు ‘బిలియన్ లాఫ్స్’. సర్వర్ నడిపేవాళ్లకు నవ్వొచ్చి ఉండదు.

అన్నిటికన్నా ఆశ్చర్యం హ్యాష్ టేబుల్ ఉదంతం. దాని వేగమంతా కీలు వేర్వేరు గడుల్లో పడతాయన్న నమ్మకం మీదే ఉంది. ఏరికోరి ఒకే గడిలో పడేవే పంపితే, కొత్తది వచ్చినప్పుడల్లా పాతవన్నీ తడుముకోవాలి. మోడెమ్ వేగం చాలు, సర్వర్‌ను కూలదోయొచ్చని రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రాస్బీ, వాలక్ 2003లోనే చూపించారు. పెర్ల్ ఆ ఏడే జాగ్రత్తపడింది. మిగతావాళ్లలో చాలామంది విననట్టే ఊరుకున్నారు. 2011 డిసెంబర్‌లో బెర్లిన్ హ్యాకర్ల సమావేశంలో అదే కిటుకుకు పీహెచ్‌పీ, జావా, పైథాన్ దొరికిపోయాకే హడావుడి మొదలైంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ గడువు దాకా ఆగకుండా 29వ తేదీనే ప్యాచ్ ఇచ్చింది.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లదీ ఇదే వరస. వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నించే పని లేకుండా వెతికే పద్ధతిని కెన్ థాంప్సన్ 1968లోనే ప్రచురించాడు. చాలా భాషలు మాత్రం వెనక్కి వెళ్లే ఇంజన్లనే పెట్టుకున్నాయి. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోయింది. కారణం ఒక పోస్టులోని దాదాపు 20 వేల ఖాళీలు. అలాంటి ఇంజన్ వాటిలో ఎక్కడ మొదలెట్టినా చివరిదాకా వెళ్లి భంగపడి, ఒక అడుగు జరిగి మళ్లీ మొదలు! అలా సుమారు 20 కోట్ల పోలికలు. దాడి చేసినవాడంటూ ఎవడూ లేడు.

2022లో పైథాన్, అంకెల వరసను పూర్ణాంకంగా మార్చడానికి 4,300 అంకెల హద్దు పెట్టింది. పొడవు రెట్టింపైతే పని నాలుగింతలవుతుంది మరి. పెద్ద సంఖ్యలతో గణితం చేసుకునేవాళ్లు విసుక్కున్నారు. నా మొగ్గు హద్దు వైపే. కావలసినవాళ్లు ఒక్క సెట్టింగుతో దాన్ని ఎత్తేసుకోవచ్చు.