కంపెనీకి తెలుసా, తెలియదా? : 'ఏలియన్' చిత్రాలలో కుట్ర చరిత్ర

భయానక చిత్రాలను విమర్శకు తగిన వస్తువుగా అంగీకరించనివారు మనలో చాలామంది ఉన్నారు. భూతాలూ, రక్తపాతమూ తప్ప వాటిలో ఏముంటుందని వారి ప్రశ్న. 1979లో మొదలై నేటికీ సాగుతున్న 'ఏలియన్' చిత్రపరంపర విషయంలో ఈ ప్రశ్నకు జవాబు సులభంగానే దొరుకుతుంది. అందులో భూతంతోపాటు ఒక కంపెనీ ఉన్నది. భూతానికి ఉన్నది ఆకలి. కంపెనీకి ఉన్నది లాభాపేక్ష. ఆకలికి తృప్తి ఉంటుంది.

ఈ పరంపరలోని కథాసంగతిని గూర్చి ఒక పాత తగాదా ఉన్నది. ఆ జీవిని గూర్చి కంపెనీకి ముందే తెలుసా, తెలియదా? తెలుసునని మొదటి చిత్రం చెబుతుంది. తెలియనట్టే రెండవ చిత్రం నడుస్తుంది. ఇది రచయితల పొరపాటని కొట్టివేసేవారు కొందరు. తెరవెనుక మరింత పెద్ద కుట్ర ఉన్నదని అల్లుకుంటూ పోయేవారు మరికొందరు. ఈ రెండు వాదాలూ నాకు సమ్మతం కావు. ఎందుకు కావో చెప్పాలంటే, అసలు ఆ కుట్ర కథలోకి ఎట్లా వచ్చిందో ముందు చూడాలి.

మొదటి చిత్రానికి రిడ్లీ స్కాట్ దర్శకుడు. మూలకథ డాన్ ఒబానన్, రొనాల్డ్ షూసెట్‌లది. ఒబానన్ రాసిన ప్రతిలో ఒక ఓడ, కొందరు నావికులు, ఒక భూతం ఉన్నారు. కంపెనీ కుట్ర లేదు. నిర్మాతలైన వాల్టర్ హిల్, డేవిడ్ గైలర్ ఆ ప్రతిని తిరగరాస్తూ యాష్ అనే పాత్రను చేర్చారు. యాష్ ఓడలోని శాస్త్రాధికారి. నిజానికి కంపెనీ తరఫున పనిచేసే మరమనిషి. ఈ మార్పు ఒబానన్‌కు నచ్చలేదు. కథానిర్మాణం దృష్ట్యా ఆయన అసంతృప్తికి కారణం లేకపోలేదు. కథ నడవడానికి భూతం ఒక్కటే చాలు. కాని ఆ చేర్పుతో వస్తువే మారిపోయింది. ప్రమాదవశాత్తు జరిగిన చావుల కథ కాస్తా, లెక్కగట్టి ఒప్పుకున్న చావుల కథ అయింది.

ఆ ఓడ పేరు నోస్ట్రోమో. 1904లో వెలువడిన జోసెఫ్ కాన్రాడ్ నవల పేరు కూడా అదే. దక్షిణ అమెరికాలోని ఒక కల్పిత దేశం, అందులో సులాకో అనే రేవు పట్టణం, దాని సమీపాన ఒక వెండి గని ఆ నవలకు రంగస్థలం. గని ఇంగ్లీషు సంతతివాడి చేతిలో ఉన్నది. వెనుకనున్న పెట్టుబడి అమెరికా ధనికుడిది. నోస్ట్రోమో రేవు కూలీల మేస్త్రీ. 'మన మనిషి' అనే అర్థం స్ఫురించే ఆ పేరుతో దొరలు అతన్ని పిలుస్తారు, ప్రాణాపాయమైన పని అప్పగిస్తారు. తనను వాడుకున్నారేగాని తన ప్రాణానికి విలువ కట్టలేదని అతనికి తరవాత తెలిసివస్తుంది. 'ఏలియన్' రెండవ చిత్రంలోని యుద్ధనౌక పేరు సులాకో. ఈ పేర్లను ఏ ఉద్దేశంతో పెట్టినా, వాటి వెంట వలస గనుల చరిత్ర కూడా వచ్చి చేరింది.

చిత్రంలోని నోస్ట్రోమోలో ఏడుగురు పనివారు ఉంటారు. రెండు కోట్ల టన్నుల ఖనిజాన్ని శుద్ధి కర్మాగారంతో సహా భూమికి లాక్కుపోవడం వారి పని. ఇంజను గదిలో పనిచేసే పార్కర్, బ్రెట్‌లు మొదటినుండీ బోనస్ వాటాను గూర్చే తగవుపడతారు. దారిలో ఒక సంకేతం అందుతుంది. దాన్ని పరిశోధించడం తమ పని కాదని వారు మొరాయిస్తే, యాష్ ఒప్పందంలోని ఒక నిబంధన చదివి వినిపిస్తాడు: ఇటువంటి సంకేతం వస్తే వెళ్లి చూడాలి, చూడకపోతే వాటా మొత్తం పోతుంది. భూతం ఇంకా తెరమీదికి రాలేదు. ఆ ఏడుగురి మెడకు ఉచ్చు మాత్రం అప్పుడే బిగిసింది. ఆ ఉచ్చు పేరు కూలి ఒప్పందం.

ఆ తరవాత రిప్లీ ఓడలోని కంప్యూటరు నుండి 937వ నంబరు ప్రత్యేక ఉత్తర్వును బయటికి లాగుతుంది. జీవిని తీసుకురావడమే ప్రథమ కర్తవ్యం, పనివారు పోయినా ఫరవాలేదు అని దాని సారాంశం. ఓడ బయలుదేరడానికి రెండు రోజుల ముందే పాత శాస్త్రాధికారిని తప్పించి యాష్‌ను ఎక్కించారని కూడా మనకు తెలుస్తుంది. ఆయుధాలతో, నిపుణులతో ఒక యాత్రను పంపక, ఖనిజం మోసే ఓడను ఎందుకు మళ్లించారని కొందరు ఆక్షేపిస్తారు. జవాబు సినిమాలోనే ఉన్నది. ఓడ ఎట్లాగూ ఆ దారినే వస్తున్నది. వేరే యాత్రకు ఖర్చవుతుంది. ఈ ఏడుగురి ప్రాణాలకు ఖర్చు లేదు. ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉన్నది: ఆ ఉత్తర్వు కింద ఏ అధికారి పేరూ కనబడదు.

1986లో జేమ్స్ కామెరాన్ తీసిన రెండవ చిత్రంలో ఉత్తర్వు కింద సంతకం ఉన్నది. యాభైయేడేళ్లు నిద్రావస్థలో గడిపి రిప్లీ తిరిగివస్తుంది. ఆరుగురి చావును గూర్చి ఆమె చెబితే, విచారణ సంఘం నాలుగు కోట్ల ఇరవై లక్షల డాలర్ల ఓడను ఎందుకు పేల్చావని అడుగుతుంది. ఆ గ్రహంమీద కుటుంబాలు ఇరవై ఏళ్లకు పైగా కాపురం ఉంటున్నాయని చల్లగా చెబుతుంది. కార్టర్ బర్క్ అనే కంపెనీ ఉద్యోగి ఆమె మాట విని, ఎవరికీ హెచ్చరిక చేయకుండా ఆ చోటును వెతకమని వలసవాసులకు ఉత్తర్వు పంపుతాడు. ముందుగా హెచ్చరిస్తే ప్రభుత్వం జోక్యం చేసుకుంటుంది, గుత్తహక్కు దక్కదు అని అతని తర్కం. ఆ వలసలో బతికి దొరికేది ఒక్క చిన్నపిల్ల.

మొదటి చిత్రంలో కంపెనీకి తెలిస్తే, అదే గ్రహంమీద ఇరవై ఏళ్లు ఎందుకు వెతకలేదు? ఇదే అసలు చిక్కుముడి. కంపెనీని ఒక మనిషిగా ఊహించుకున్నంతకాలం ఈ ముడి విడదు. మనిషికి తెలిసినది తెలిసినట్టే ఉంటుంది. కంపెనీకి తెలిసినది ఫైలులో ఉంటుంది. లాభం కనబడినప్పుడు ఫైలు తెరుచుకుంటుంది. బాధ్యత ఎదురైనప్పుడు మూతపడుతుంది.

ఇది నా ఊహ అనుకోనక్కరలేదు. ఆస్‌బెస్టాస్ ధూళి కార్మికుల ఊపిరితిత్తులను తినివేస్తుందని అమెరికాలోని జాన్స్-మాన్విల్ కంపెనీ పెద్దలకు 1930లనాటికే తెలుసు. ఆ సంగతి బయటికి పొక్కకపోవడమే మేలని ఆ పరిశ్రమ పెద్దలు 1935లో రాసుకున్న ఉత్తరాలు 1977లో కోర్టు వ్యాజ్యాల మూలంగా వెలుగులోకి వచ్చాయి. నలభై ఏళ్లపాటు కంపెనీకి తెలుసు, కంపెనీకి తెలియదు. 1982లో అది దివాళా రక్షణ కోరింది.

మన దేశంలో దీనికి ఇంకా ఘోరమైన నిదర్శనం ఉన్నది. భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో రక్షణ లోపాలున్నాయని మాతృసంస్థ నుండి వచ్చిన నిపుణులే 1982 మే నెలలో నివేదిక ఇచ్చారు. 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు వేలమందిని బలిగొన్నది. అప్పుడు కంపెనీ రెండు మాటలు చెప్పింది: కర్మాగారం భారతీయ అనుబంధ సంస్థది, తనది కాదు, ప్రమాదానికి కారణం కసిపట్టిన ఒక పనివాడు. 1989లో 47 కోట్ల డాలర్లతో రాజీ కుదిరింది. 2010లో భోపాల్ కోర్టు ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ల శిక్ష విధించింది. అమెరికాలోని అధిపతి వారెన్ ఆండర్సన్ ఏనాడూ బోనెక్కకుండానే 2014లో మరణించాడు.

దీన్ని చూసి కామెరాన్ తన చిత్రం తీశాడని నేను అనడం లేదు. నేరాన్ని ఒక్క మనిషికి అంటగట్టి సంస్థను కడిగివేసే పద్ధతి రెండింటిలోనూ ఒకటేనని మాత్రం అంటున్నాను. బర్క్ దుష్టుడు, బర్క్ చచ్చాడు, ప్రేక్షకుడు తృప్తిగా ఇంటికి వెళ్లాడు. కంపెనీ మిగిలే ఉన్నది. రెండవ చిత్రం ఉత్సాహంలో మొదటిదానికి తీసిపోదు, కాని రాజకీయంలో ఒక మెట్టు దిగజారిందని నా అభిప్రాయం.

తరవాతి చిత్రాలు ఈ దారినే నడిచాయి. 1992 చిత్రంలో కంపెనీ మనిషి ముఖంతో స్వయంగా వచ్చి రిప్లీని బతిమాలుతుంది. 1997 నాటి కథలో కంపెనీ స్థానాన్ని సైన్యం ఆక్రమిస్తుంది. పని మాత్రం అదే. 2012లో వచ్చిన 'ప్రొమీథియస్' కంపెనీ స్థాపకుడైన పీటర్ వేలండ్‌ను చావును జయించగోరే ముసలివాడుగా చూపింది. పెట్టుబడి చలనసూత్రం పోయి, ఒక ధనికుడి మనోవ్యాధి మిగిలింది. 2024 నాటి 'రోములస్' కథలో నోస్ట్రోమో నాశనమైన ఇరవై ఏళ్లకే కంపెనీ ఆ జీవిని వెతికి పట్టుకుంటుంది. 2025లో వచ్చిన 'ఏలియన్: ఎర్త్' ధారావాహిక కథను మొదటి చిత్రానికి రెండేళ్ల వెనక్కి తీసుకుపోయింది. ఒక రంధ్రాన్ని రహస్యంతో పూడ్చబోతే మరో రంధ్రం పడుతున్నది.

అయినా 'రోములస్' మొదటి అరగంట నాకు విలువైనది. గని వలసలో బతికే రెయిన్ అనే యువతి, ఒప్పందంలోని పనిగంటలు పూర్తయ్యాయి, పోనివ్వమని అడుగుతుంది. గంటల కోటా పెరిగింది, ఇంకా ఐదారేళ్లు పనిచెయ్యమంటుంది కార్యాలయం. అక్కడ కుట్రదారు ఎవరూ లేరు. బల్ల వెనుక ఒక గుమాస్తా ఉన్నది. నలభై అయిదేళ్ల తరవాత ఈ పరంపర మళ్లీ తన మూలానికి, కూలి ఒప్పందానికి, వచ్చింది.

ఈ చిత్రాలు తీసినది కూడా ఒక కంపెనీయేగదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ వాటిని అమ్ముకున్నది. 2019లో ఆ స్టూడియోనే డిస్నీ కొన్నది. కంపెనీని తిట్టడం కూడా సరుకు కాగలదు. అందుకే తిట్టు చాలదు, విశ్లేషణ కావాలి. కుట్రదారుల జాబితా రాసుకోవడం మన విద్యార్థులలో కొందరికి తీవ్రవిమర్శగా కనబడుతున్నది. ఆ జాబితాలోని వారందరినీ తొలగించినా ఉత్తర్వు అట్లాగే ఉంటుంది, ఎందుకంటే దాని కింద వారి సంతకం లేదు. కంపెనీకి తెలుసా అన్నది చిన్న ప్రశ్న. తెలిసినా తెలియకపోయినా ఏడుగురి చావు లాభంగానే తేలే లెక్కను ఎవరి మేలుకోసం నిలబెడుతున్నారన్నది అసలు ప్రశ్న. భోపాల్ బస్తీలలో ఇంకా దగ్గుతున్న ముసలివారికి అడిగే హక్కున్న ప్రశ్న అదే.