వజ్రపు రేణువునకు లోహకవచము



వజ్రమును వజ్రముతోనే కోయవలెనను మాట మనవారెల్లరు ఎఱిగినదే. అయినను ఎంతటి కఠినవస్తువైనను పట్టు లేనిచో పనికిరాదనుటకు ఆ వజ్రము చరిత్రయే నిదర్శనము.

క్రీ.శ. 17వ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ కృష్ణాతీరమందలి కొల్లూరు గనిని చూచి, అచట స్త్రీలు, పిల్లలతో కూడ సుమారు 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. పురుషులు త్రవ్వగా స్త్రీలు, పిల్లలు మన్ను మోయుచుండిరట. మేలైన రాళ్లు రాజుల ఖజానాలకు చేరినవి. నగకు పనికిరాని తునకలను నూఱి, ఆ పొడితో వజ్రములకే సానపట్టుచుండిరి. ఆ పొడియే తరువాతి కాలమున కర్మాగారములకు ప్రాణమైనది.

1920 దశకమున జర్మనీలో టంగ్‌స్టన్ కార్బైడుతో మిక్కిలి గట్టి పనిముట్లు చేయనారంభించిరి. వానికి పదును పెట్టుటకు మామూలు సానరాయి చాలదయ్యెను. అందుచే వజ్రపుపొడిని లక్కవంటి కృత్రిమపు బంకలో కలిపి సానచక్రములు చేసిరి. కాని వజ్రమునకు బంక గట్టిగా అంటదు. రాపిడి వేడికి బంక కాలగా, రేణువు పూర్తిగా అరుగకమున్నే ఊడిపోవుచుండెను. వెలగల వస్తువు మట్టిపాలగుచుండెను.

1946లో అమెరికాలో బ్రెన్నర్, రిడెల్ అనువారు విద్యుత్తు లేకయే నికెలు పూత పూయు విధమును ప్రకటించిరి. 1954లో ఆ దేశముననే జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారు కృత్రిమ వజ్రమును సిద్ధము చేసిరి. 1960 దశకమున నికెలు పూసిన వజ్రపు రేణువులు సానచక్రములలో ప్రవేశించెను. శుభ్రపఱచిన రేణువులకు ముందుగా లేశమాత్రము పలేడియము పట్టించి, పిదప వేడి నికెలు ద్రావణమున కలియబెట్టుదురు. పూత బరువు మొత్తములో సగమునకు మించుటయు కలదు. గరుకైన ఆ కవచమును బంక గట్టిగా పట్టుకొనును. రాపిడి వేడిని కవచము కొంత తాను గ్రహించి బంకను కాపాడును. రేణువు పగిలినను తునకలను జారనీయదు.

లోహములో పొదుగు రేణువులకు టిటానియము, క్రోమియము పూతలు వాడుదురు. ఇవి అధికమైన వేడికి వజ్రమందలి కర్బనముతో కలిసి పలుచని కార్బైడు పొరయై, వజ్రమునకును లోహమునకును వియ్యము కూర్చును.

నేడు ప్రకాశం జిల్లా చీమకుర్తిలో నల్లరాతిని వజ్రపు రేణువులు పొదిగిన పూసల తీగలతో కోయుచున్నారు. కొల్లూరు పులిచింతల జలాశయమున మునిగినది. మన పూర్వులు మన్ను మోసి వజ్రము నిచ్చిరి. దానిని పనికి నిలుపు విద్య పరదేశమున పెరిగినది. గని తఱుగును గాని విద్య తఱుగదు. కావున రాతిపని చేయు మన బిడ్డలకు ఈ విద్యయు నేర్పించుట పెద్దలకు ధర్మము.