కారు పొగకు కళ్ళెము

1943వ సంవత్సరము జూలై నెలలో అమెరికా దేశములోని లాస్ ఏంజిలీస్ నగరమును దట్టమైన పొగ కమ్మినది. జనుల కండ్లు మండినవి, గొంతులు గరగరలాడినవి. అది యుద్ధకాలము. శత్రువులు విషవాయువును వదలిరేమోయని కొందరు భయపడిరి. కృత్రిమ రబ్బరుకు కావలసిన సరుకు తయారుచేయు కర్మాగారముపై మరికొందరు నింద మోపిరి. ఆ కర్మాగారము మూతపడినను పొగ మాత్రము పోలేదు.

ఈ చిక్కు విప్పినవాడు ఏరీ హాగెన్‌స్మిట్. హాలెండులో పుట్టి, కాలిఫోర్నియాలో స్థిరపడిన రసాయన శాస్త్రజ్ఞుడాయన. అంతకుముందు ఆయన పరిశోధించుచుండినది అనాసపండు పరిమళమును! మోటారు కార్లు, చమురుశుద్ధి కర్మాగారములు వెలువరించు ఉదకర్బనములును, నత్రజని ఆక్సైడులును సూర్యకాంతిలో మార్పుచెంది, కండ్లు మండించు పదార్థములను, ఓజోనును పుట్టించునని 1950 ప్రాంతమున ఆయన తెలియజేసెను. దోషి వీధిలోనే తిరుగుచున్నదన్న మాట!

కారుకు కళ్ళెము వేయుట అంచెలంచెలుగా జరిగినది. పిస్టను ప్రక్కలనుండి జారి ఇంజను అడుగుపెట్టెలో చేరు ఆవిరులను తిరిగి ఇంజనులోనికే పంపు చిన్న కవాటము 1961 మోడలుతో కాలిఫోర్నియా కార్లకు వచ్చెను. 1975 మోడలు కార్లలో పొగగొట్టమునకు ఉత్ప్రేరక పెట్టె చేరెను. అందులోని ప్లాటినము, పల్లాడియము విషమైన కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగాను, కాలని ఉదకర్బనములను నీటియావిరి, బొగ్గుపులుసు వాయువులుగాను మార్చును. కాని పెట్రోలులోని సీసము ఈ లోహములపై పూతవలె పట్టి వాటి శక్తిని హరించును. అందుచే సీసము లేని పెట్రోలు అవసరమైనది.

అయినను కొందరు చౌకయని సీసము కలిసిన పెట్రోలునే పోయించిరి. కొందరు పెట్టెనే ఊడదీయించిరి. కొత్త కారు శుభ్రమైనదైనంత మాత్రమున ఊరిగాలి శుభ్రపడదని దీనివలన తేలినది. కనుకనే కాలిఫోర్నియాలో 1984లో రెండేండ్లకొకసారి పొగ తనిఖీ మొదలైనది. 1996 మోడలు నుండి అమెరికా కార్లలోని కంప్యూటరే ఈ భాగములను కనిపెట్టుచు, లోపమున్నచో దీపము వెలిగించి హెచ్చరించుచున్నది.

తనిఖీ ముందురోజున బ్యాటరీ తీగ తీసి ఆ దీపమును ఆర్పువారున్నారు. ఇది దాహమైనప్పుడు బావి త్రవ్వుటకంటె వ్యర్థము. కంప్యూటరు తన స్వయంపరీక్షలను మరల మొదలుపెట్టవలసివచ్చును. అవి ముగియలేదన్న సంగతి తనిఖీలో బయటపడును. లోపమును ముందుగా బాగుచేయించి, కొన్నిదినములు మామూలుగా నడిపి, ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మట తీసికొనిపోవుటయే సరియైన మార్గము. పెట్రోలు ట్యాంకు మూత వదులైనను దీపము వెలుగవచ్చును. మొదట దానిని చూడవలెను. నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు చెడినచో కాలని పెట్రోలు ఉత్ప్రేరక పెట్టెలో మండి, దానిని కరగించివేయగలదు. కొద్దిపాటి ఖర్చుతో మార్చదగిన ప్లగ్గును ఉపేక్షించినందున మిక్కిలి ఖరీదైన పెట్టె పాడగును.

పొగ ఎక్కడినుండి వచ్చుచున్నదో శాస్త్రజ్ఞుడు చూపెను. దానిని అణచు సాధనమును ఇంజనీరు సమకూర్చెను. ఆ సాధనము పనిచేయునట్లు చూచుట మాత్రము కారు నడుపువాని వంతు.