మురానో మేస్త్రీలు

కిందటి వేసవిలో మన సంఘంలోని నాలుగు కుటుంబాలవాళ్ళం కలిసి ఇటలీ చూసివచ్చాం. వెనిస్‌లో ఒక దుకాణంలో ఎర్ర గాజు పూలకూజా కనబడితే ముచ్చటపడి కొన్నాం. మురానో దీవిలో చేత్తో ఊది చేసిందేనని దుకాణదారు ఒట్టుపెట్టినంత పనిచేశాడు. అడుగున చీటీ కూడా అంటించి ఉంది. ఇంటికి తెచ్చి కడిగితే చీటీ ఊడింది, దాని కింద అచ్చులో పోసిన సరుక్కుండే అతుకు గీత బయటపడింది. డబ్బు పోయినందుకంటే ఏమీ తెలియకుండా కొన్నామే అన్న సిగ్గు మమ్మల్ని ఎక్కువ బాధించింది. అప్పుడు చదవడం మొదలుపెట్టాం.

1291లో వెనిస్ ప్రభుత్వం గాజు కొలుములను నగరం నుంచి మురానోకు తరలించింది. కొయ్య ఇళ్ళ మధ్య నిప్పు ప్రమాదమని చెప్పారు. అయితే పనివాళ్ళంతా ఒక్క దీవిలో ఉంటే వాళ్ళ రహస్యాలూ అక్కడే ఉంటాయన్న లాభం కూడా వెనిస్‌కు దక్కింది. 15వ శతాబ్దం మధ్యలో ఆంజెలో బరోవియేర్ అనే ఆయన శుద్ధిచేసిన మొక్కల బూడిదా, కాస్త మాంగనీసూ వాడి రంగులేని తేట గాజు తీశాడు. అది స్ఫటికంలా ఉందని దానికి ‘క్రిస్టల్లో’ అని పేరొచ్చింది. యూరపు రాజులంతా దానికోసం ఎగబడ్డారు. మేస్త్రీలు దేశం దాటి పరాయిచోట కొలిమి పెట్టడాన్ని వెనిస్ నేరం చేసింది.

మేస్త్రీ అన్న మాట మేం ఊరికే వాడలేదు. మనకది పోర్చుగీసువాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. మురానోవాళ్ళ ‘మాయెస్త్రో’ దానికి దాయాదే. మన తాపీమేస్త్రీ చుట్టూ పనివాళ్ళున్నట్టే ఆయన చుట్టూ సహాయకుల జట్టు ఉంటుంది. పిల్లవాడుగా చేరి, మోసి, తుడిచి, ఏళ్ళు గడిస్తేగాని ఆ బల్లమీద కూర్చునే అర్హత రాదు.

నేరమైనా వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. జాకొమో వెర్జెలీని 1575లో లండన్‌లో ఎలిజబెత్ రాణి దగ్గర వెనిస్ తరహా గాజు చేసే హక్కు పొందాడు. 1665లో ఫ్రాన్సు మంత్రి కొల్బేర్ అద్దాల కర్మాగారం పెట్టించి మురానో పనివాళ్ళను రప్పించాడు. వెర్సాయి అద్దాల మందిరం వెనక ఈ కథ ఉంది. 1797లో వెనిస్ గణరాజ్యమే కూలిపోయింది. ఆపైన మురానో చాలాకాలం చితికిపోయింది.

మనం ఇప్పుడు సేకరణలలో చూసే ఆధునిక కూజాల కథలో 1921 ముఖ్యమైన సంవత్సరం. మిలాన్ లాయరు పావొలో వెనీని, పురాతన వస్తువుల వ్యాపారి జాకొమో కప్పెల్లిన్ కలిసి కంపెనీ పెట్టారు. వెరొనేసే వేసిన ఒక చిత్రంలోని గాజు కూజాను చూసి అలాంటిదే చేయించారు. నగిషీలు తీసేసి సాదా రూపాన్ని నిలబెట్టారు. 1925లో ఇద్దరూ విడిపోయారు. తర్వాత వెనీని దగ్గర 1932 నుంచి 1947 దాకా వాస్తుశిల్పి కార్లో స్కార్పా పనిచేశాడు. 1940ల చివర ఫుల్వియో బియాంకోనితో కలిసి వెనీని తెచ్చిన ‘ఫత్సొలెత్తో’ కూజా, అంటే చేతిరుమాలు, నాలుగు చెంగులూ గాలిలో లేచి అలాగే గడ్డకట్టినట్టుంటుంది.

పుస్తకాల్లో స్కార్పా పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆయన గీసినదాన్ని నిప్పుముందు కూర్చుని రూపానికి తెచ్చిన మేస్త్రీ ఆర్తూరో బియాసుత్తో పేరు వెదికితేగాని దొరకదు. ఇది మాకు న్యాయంగా తోచలేదు.

1968లో డేల్ చిహూలీ అనే అమెరికను యువకుడు వెనీని కొలిమికి వెళ్ళి, జట్టుగా పనిచేసే పద్ధతి చూశాడు. 1971లో సియాటిల్‌కు ఉత్తరాన పిల్‌చక్ బడి స్థాపకుల్లో ఒకడయ్యాడు. 1978లో మురానో మేస్త్రీ కెక్కో ఓంగారో అక్కడికి పాఠం చెప్పడానికి వచ్చాడు. మరుసటేడు ఆయన బావమరిది వరస లీనో తాల్యాపియెత్రా వచ్చాడు. 1934లో పుట్టి, పన్నెండేళ్ళు నిండీ నిండకముందే కొలిమిలో చేరి, 21 ఏళ్ళకే మేస్త్రీ అయినవాడు. తనకు తెలిసినదేదీ దాచుకోకుండా అమెరికా పిల్లలకు నేర్పాడు. తరతరాల విద్యను పరాయివాళ్ళకు ధారపోస్తున్నాడని ఊళ్ళో కొందరు తప్పుపట్టారు.

ఆ మాట చదివినప్పుడు మాలో ఎవరం కాసేపు మాట్లాడలేదు. సెలవులకు ఊరెళితే మనం వినే మాట కూడా దాదాపు అదే కదా. ఆయన మాత్రం సొంతంగా కూజాలు చేసి వాటిమీద తన పేరే చెక్కాడు. మేస్త్రీ చెయ్యీ, కళాకారుడి పేరూ ఒకరివే అయ్యాయి. నేర్చుకున్నవాళ్ళ శిష్యులు ఇప్పుడు లోకమంతా ఉన్నారు.

కొనదలచినవారికి రెండు మాటలు. చీటీని నమ్మకండి. కూజాను తిరగేసి, ఊదేటప్పుడు పట్టుకున్న ఇనుప కడ్డీ విడిపోయిన గుర్తును గాని, దాన్ని అరగదీసిన జాడను గాని చూడండి. వెనెతో ప్రాంతం 1994లో చట్టం చేసి మురానో గాజుకు అధికార ముద్ర ఏర్పాటు చేసింది, అది ఉందేమో అడగండి. పాతవాటికి అది ఉండదు కాబట్టి, ఎవరు గీశారు, ఎవరు ఊదారు, ఎప్పుడు అని కూడా అడగండి. వెల మరీ తక్కువైతే అనుమానించండి. ఆ కొలుములు రాత్రింబవళ్ళు మండాలి. 2021, 2022లలో గ్యాసు ధర పెరిగినప్పుడు చాలామంది వాటిని కొన్నాళ్ళు ఆర్పుకోవలసి వచ్చింది.

మా ఎర్ర కూజా పారేయలేదు. సంఘం దసరా సభలో వేదికమీద బంతిపూలతో కనబడేది అదే.