నమ్మితేనే బొమ్మ

ఫొటోగ్రాఫరు "కాస్త నవ్వండి" అనగానే మన మొహం ఎందుకు బిగుసుకుపోతుందంటారు? ఆ కెమెరా వెనక మనిషిని మనమింకా నమ్మలేదు గనక! మనకే ఇలా ఉంటే, ఆకు కదిలితే ఉలిక్కిపడే దుప్పి సంగతి చెప్పాలా?

పాపం, దాని భయానికి కారణం లేకపోలేదు. నాటి మహబూబ్‌నగర్ జిల్లా మన్ననూరు దాటాక వచ్చే ఫరహాబాదు ఒకప్పుడు నిజాముల వేటస్థలం. ఆ రోజుల్లో పులి ఫొటో అంటే చాలావరకు చచ్చిన పులి ఫొటోయే. పక్కనే తుపాకీతో దొరవారు! పక్షులంటే ప్రాణం పెట్టే సలీం అలీకి కూడా, 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించినప్పుడు, నమూనాలకోసం తుపాకీ పేల్చక తప్పలేదు. అప్పటి శాస్త్రపద్ధతే అది.

1940లో ఆ అమ్రాబాదు కొండలకే ఆస్ట్రియా పండితుడు హైమన్‌డార్ఫ్ వచ్చాడు. ఆయన ఫొటోలు తీసింది జంతువులను కాదు, అడవినే ఇల్లు చేసుకున్న చెంచులను. భార్య బెట్టీ కూడా వెంట ఉంది. ఇల్లాలిని వెంటబెట్టుకుని వచ్చినవాడంటే ఎవరికైనా సగం జంకు పోతుంది కదా! ఇద్దరూ చెంచుల మధ్యే మకాం పెట్టి, వాళ్ల తిండీతిప్పలూ, దేవుళ్లూ దయ్యాలూ అన్నీ తెలుసుకున్నారు. ఆ పుస్తకం 1943లో వచ్చింది. బొమ్మలు తీసుకుని చక్కా పోలేదాయన. చెంచులకు అడవి మీద హక్కు ఉండాలని చెప్పాడు. ఆయన సిఫార్సు మీదే నిజాం ప్రభుత్వం వాళ్లకోసం కొంత అడవిని ప్రత్యేకించింది.

ఆయన రాసిన ఒక మాట మనసుకు పట్టుకుంటుంది. ఆడ జంతువును చంపితే గారెల మైసమ్మకు కోపం వస్తుందని పూర్వం చెంచులు మగవాటినే వేటాడేవారట. బాణం పట్టిన చేతికే ఆ మర్యాద ఉంటే, కెమెరా పట్టిన చేతికి ఇంకెంత ఉండాలి?

ఆ అడవి 1983లో పులుల రక్షణ పథకంలోకి వచ్చింది. ఇప్పుడు అమ్రాబాదు పులుల అభయారణ్యంగా నాగర్‌కర్నూలు, నల్గొండ జిల్లాల్లో ఉంది. చెట్లకు కట్టిన కెమెరాల ముందునుంచి పులి తన దారిన తాను పోతుంది. బొమ్మ దానంతటదే పడుతుంది. చారలను బట్టి ఏ పులి ఏదో పోల్చుకుంటారు. అడవిలో జాడలు పట్టే పనిలో చెంచు యువకులు ఇప్పటికీ ముందుంటారు.

మరి శ్రీశైలం వెళ్తూ ఘాట్‌రోడ్డు మీద కారాపి, కోతికి అరటిపండు చూపించి ఫొటో తీసుకుంటామే, అదీ నమ్మకమేనా? కాదు, అది ఎర. ఆ పండుకోసమే అది రేపు రోడ్డు మధ్యకు వచ్చి ఏ బస్సు కిందో పడుతుంది. జంతువు మన దగ్గరికి రావడం నమ్మకం కాదు. మనం అక్కడ ఉన్నా దుప్పి తన మేత మానకపోవడం, తల్లిపక్షి గూడు వదలకపోవడం, అదీ నమ్మకం. అలాంటి బొమ్మ కావాలంటే ఖరీదైన కెమెరాకన్నా ముందు కాస్త దూరం, బోలెడంత ఓపిక కావాలి. ఓపిక మనకు కొత్తేమీ కాదు కదా!