గుండమ్మది మా వైపు పేరే

దసరా సెలవల్లో ఇంటి పిల్లలకి చూపించాలని మేము తెలుగు సినిమాల పట్టీ ఒకటి రాసుకున్నాము. మా ఇండ్లలో తెలుగు నోట్లో ఉండే భాష. బళ్లో నేర్చిన అక్షరాలు కన్నడవి. అందుకని తెలుగు పుస్తకం కంటే ముందు మాకు తెలుగు సినిమానే దొరికింది. ఆంధ్ర వైపు చుట్టాలు వస్తే "మీది కన్నడం కలిసిన తెలుగు" అని నవ్వేవాళ్లు. మేము ఊరుకునేవాళ్లం. ఇప్పటి పిల్లలు ఆ నవ్వుకి జంకి వాళ్ల ముందర ఇంగ్లీషులోకి పోతా ఉండారు.

అందుకే పట్టీలో మొదట 'గుండమ్మ కథ' పెట్టినాము.

1962లో విజయా వారు తీసిన ఈ సినిమాకి మూలం 1958 నాటి కన్నడ చిత్రం 'మనె తుంబిద హెణ్ణు'. దాన్ని తీసింది ఉడుపి వైపు నుంచి వచ్చిన బి. విఠలాచార్య. నాగిరెడ్డి, చక్రపాణి ఆ కథ తీసుకొని డి.వి. నరసరాజు చేత మాటలు రాయించి, కమలాకర కామేశ్వరరావుకి దర్శకత్వం ఇచ్చారు. ఎన్టీఆర్‌కి అది నూరో సినిమా. గుండమ్మ అనే పేరు కూడా ఆ కన్నడ సినిమా నుంచి వచ్చిందే. మా పక్క ఆ పేరు పెట్టి కేకేస్తే ఇద్దరు ముగ్గురు అవ్వలు తిరిగి చూసేవాళ్లు. సూర్యకాంతం గారు వేసినాక అది తెలుగువాళ్లందరి నోట్లో పడింది. ఆమె గారాల కూతురు సరోజగా వేసిన జమున పుట్టింది హంపిలో. ఇంత కన్నడం కలిసిన ఇంటి కథని చూసి ఎవరూ "ఇది తెలుగు కాదు" అనలేదు.

హంపి మాట వచ్చింది కదా, రెండోది బి.ఎన్. రెడ్డి గారి 'మల్లీశ్వరి' (1951). దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకి పాటలు రాయడం దీనితోనే మొదలు. దీన్ని చరిత్ర పాఠంగా చూడొద్దు, ఇది కట్టుకథ. మారువేషంలో ఉన్న రాయలతో "మా మల్లికి పల్లకీ పంపండి" అని బావ నాగరాజు వేళాకోళానికి అన్న మాట, నిజంగానే పల్లకీ వచ్చి వాకిట్లో నిలబడేసరికి గుండెలో రాయి పడ్డట్టు ఉంటాది. చరిత్ర కావాలంటే వేరేగా చెప్పాలి: తెలుగులో 'ఆముక్తమాల్యద' రాసిన ఆ రాయలే కన్నడంలోనూ శాసనాలు వేయించినాడు.

దయ్యాలు కావాలన్న చిన్నోళ్లకి 'జగన్మోహిని' (1978). ఇదీ విఠలాచార్యదే. కన్నడంలో ఇంటి కథ తీసిన మనిషి తెలుగులో జానపదాలకి పేరు పడ్డాడు. మేము దీన్ని దుప్పటి సందుల్లోంచి చూసినవాళ్లం. ఇప్పటి పిల్లలు ట్రిక్కులు చూసి పకపకా నవ్వుతారేమో, నవ్వనీ.

పాటలకి 'శంకరాభరణం' (1980), నవ్వుకి 'అహ నా పెళ్లంట' (1987). దానికి మాటలు రాసిన జంధ్యాలే దీనికి దర్శకుడు. వేలాడదీసిన కోడిని చూస్తా ఉత్త అన్నం తినే కోట శ్రీనివాసరావుని చూసి మా తాత అన్నం పళ్లెం పక్కన పెట్టి మరీ నవ్వేవాడు. 'మాయాబజార్' పట్టీలో రాయలేదు, అది అందరూ చూసిందే.

మొదటి ఆదివారం 'గుండమ్మ కథ'. చుట్టాలు కూడా వస్తామన్నారు. సినిమా వేసేముందు ఆ కన్నడ కథ సంగతి పిల్లల చేతనే చెప్పిస్తాము, మా ఇంటి తెలుగులోనే.