స్థిర ఐపీ ఉన్న ఇంటికి ఫైర్‌వాల్ రౌటర్: ముందు ఏవి మూయాలి, తర్వాత ఏది తెరవాలి

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని దేవేంద్ర నగర్ వంటి నివాస ప్రాంతాలలో ఇంటి గుమ్మం మీద నిఘా కెమెరా నేడు వింత కాదు. ఉద్యోగ వ్యాపారాల నిమిత్తం ఆ రాష్ట్రంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పెద్దలు అక్కడ ఉండి, పిల్లలు హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఉద్యోగాలు చేసుకోవడమూ ఉన్నదే. దూరం నుంచి ఇంటిని చూసుకోవడానికి, ఇంట్లోని కంప్యూటరును బయటి నుంచి వాడుకోవడానికి కొందరు ఇంటర్నెట్ సంస్థకు అదనపు రుసుము చెల్లించి స్థిర ఐపీ చిరునామా తీసుకుంటారు. ఆ రోజు నుంచి వారి రౌటర్ ప్రపంచంలోని ఏ మూల నుంచి పిలిచినా నేరుగా అందుబాటులో ఉంటుంది. పిలుపులలో దేనికి పలకాలో, దేనికి పలకకూడదో నిర్ణయించేది ఫైర్‌వాల్.

మామూలు కనెక్షన్‌కు ఈ చిక్కు తక్కువ. దానికి కారణం చిరునామాల కొరత. ఐపీవీ4 విధానంలో ఉండగలిగే మొత్తం చిరునామాలు దాదాపు 429 కోట్లు మాత్రమే. ప్రాంతీయ సంస్థలకు పంచవలసిన ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరి 3న పూర్తయింది. అందువల్ల అనేక సంస్థలు ఒకే బహిరంగ చిరునామాను పలువురు వినియోగదారులకు కలిపి వాడుతున్నాయి. రౌటర్ స్థితి పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే ఆ ఇల్లు ఇటువంటి ఉమ్మడి ఏర్పాటులో ఉన్నట్టే. అక్కడ బయటివారు తమంతట తాము లోపలికి రాలేరు. ఇది అసౌకర్యమే గాని, అడగకుండా దొరికిన రక్షణ కూడా. స్థిర ఐపీ కొన్నప్పుడు ఆ రక్షణ పోతుంది.

తమ చిరునామా ఎవరికి తెలుస్తుందిలే అన్న ధీమాకు ఆధారం లేదు. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో విడుదల చేసిన జీమ్యాప్ అనే సాధనం, తగినంత వేగం గల కనెక్షన్ ఉన్న ఒక్క కంప్యూటరుతో ఐపీవీ4 చిరునామాలన్నింటినీ 45 నిమిషాలలోపే తట్టి చూడగలిగింది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ఈ విధంగానే వెతుకుతూ, కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను, రౌటర్లను పెద్ద సంఖ్యలో వశపరచుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అటువంటి పరికరాల సేన అమెరికాలోని డిన్ సంస్థపై దాడి చేయగా ట్విటర్ సహా అనేక ప్రసిద్ధ సేవలు గంటల తరబడి ఆటంకపడ్డాయి. కెమెరాల యజమానులలో ఎక్కువమందికి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. చిత్రం ఎప్పటిలాగే కనిపిస్తూ ఉంటుంది.

అమరికకు ముందు సంస్థ నుంచి నాలుగు వివరాలు రాతపూర్వకంగా తీసుకోవాలి: స్థిర చిరునామా, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ చిరునామాలు. కొన్ని సంస్థలు వీటికి బదులు పీపీపీఓఈ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తాయి. లాగిన్ అయిన ప్రతిసారీ అదే చిరునామా వస్తుంది. ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టెను బ్రిడ్జ్ పద్ధతిలోకి మార్చమని కోరడం మంచిది. లేకపోతే ఆ పెట్టె ఒక రౌటర్‌గా, కొత్తది మరో రౌటర్‌గా పనిచేసి, స్థిర చిరునామా మొదటిదాని దగ్గరే ఆగిపోతుంది. రెండింటికీ లోపలి చిరునామా 192.168.1.1గానే ఉంటే కనెక్షన్ సరిగా పనిచేయదు. కొత్తదానికి 192.168.50.1 వంటిది పెడితే ఆ తగాదా తీరుతుంది.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించిన రౌటర్ గానీ, రెండు నెట్‌వర్క్ పోర్టులున్న పాత కంప్యూటరులో ఓపీఎన్‌సెన్స్ గానీ ఇంటి అవసరానికి చాలు. ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. ఏది వాడినా, ఫైబర్ తీగ కలపకముందే నిర్వాహక పాస్‌వర్డ్ మార్చాలి. బయటి నుంచి వచ్చే కొత్త సంధానాలన్నింటినీ తిరస్కరించే నియమం అమలులో ఉందో లేదో చూడాలి. బయటి నుంచి రౌటర్‌ను నిర్వహించే సౌకర్యాన్ని, పరికరాలు యజమానిని అడగకుండానే దారులు తెరుచుకునే యూపీఎన్‌పీని ఆపివేయాలి. తయారీదారు భద్రతా సవరణలు ఇవ్వడం మానేసిన రౌటర్‌ను, ఎంత బాగా పనిచేస్తున్నా, స్థిర ఐపీకి కలపకూడదు.

అసలు పొరపాటు సాధారణంగా దీని తర్వాత జరుగుతుంది. కెమెరాలు బిగించడానికి వచ్చిన వ్యక్తి ఫోనులో చిత్రం కనిపించాలని డీవీఆర్‌కు పోర్టు ఫార్వర్డింగ్ చేసి వెళ్తాడు. పని అయినట్టే ఉంటుంది, కాని డీవీఆర్ లాగిన్ పేజీ లోకమంతటికీ తెరిచి ఉంటుంది. దానికి బదులు రౌటర్‌లోనే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ అమర్చి, దాని కోసం ఒకే ఒక యూడీపీ పోర్టును తెరవాలి. సరైన తాళం లేని పిలుపుకు వైర్‌గార్డ్ అసలు బదులివ్వదు; వెతుకుతూ వచ్చినవారికి అక్కడ ఏదీ ఉన్నట్టే తెలియదు. కుటుంబ సభ్యుల ఫోన్లకు వేరువేరు తాళాలు ఇస్తే, ఒక ఫోను పోయినప్పుడు ఆ ఒక్క తాళాన్ని తొలగిస్తే సరిపోతుంది. కెమెరాలను వేరే నెట్‌వర్క్‌లో ఉంచి, అక్కడి నుంచి ఇంటి కంప్యూటర్లకు గానీ ఇంటర్నెట్‌కు గానీ దారి లేకుండా చేయడం మరింత క్షేమం.

ఐపీవీ6 ఉన్న కనెక్షన్లలో ఇంటిలోని ప్రతి పరికరానికీ సొంత బహిరంగ చిరునామా ఉండవచ్చు. ఐపీవీ4కు రాసిన నియమాలు దానికి వర్తించకపోవచ్చు గనుక ఐపీవీ6 ఫైర్‌వాల్‌ను విడిగా పరిశీలించాలి. చాలామంది మరిచేది ఇదే.

పరీక్ష ఇంటి వైఫై నుంచి చేస్తే ఫలితం నమ్మదగినది కాదు. ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద స్థిర చిరునామాను బ్రౌజరులో తెరిచి చూడాలి. ఏ లాగిన్ పేజీ రాకూడదు. తర్వాత వీపీఎన్ కలిపితే కెమెరా చిత్రం రావాలి. ఎవరైనా చొరబడ్డారన్న అనుమానం వస్తే రౌటర్ లాగ్ భద్రపరచి, పాస్‌వర్డులు, తాళాలు మార్చాలి. స్థిర చిరునామా సంస్థ రికార్డులలో ఆ ఇంటివారి పేరునే ఉంటుంది. దాని ద్వారా మరెవరో నేరం చేసినా విచారణ మొదట వారి గుమ్మానికే వస్తుంది. ఆర్థిక మోసం జరిగితే వెంటనే 1930కు ఫోను చేయాలి. కరెంటు పోయినప్పుడు కూడా కెమెరా కనిపించాలంటే ఫైబర్ పెట్టె, రౌటర్, డీవీఆర్, కెమెరాలు అన్నీ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి.